చప్పుడు చెయ్యని బండి

కొండ పై ఠాణాకి మేము చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలయింది. వాన పడుతోంది. రాజమండ్రి వదిలి అది ఐదో రోజు. మొదటి రోజు కోరుకొండ దాకా మంచి బాట. రెండో రోజు గోకవరం. ఆ తరవాత బాట అనేది పేరుకే. చివరి రోజు వాగు దాటి ఆరు మైళ్ళు కొండ ఎక్కాం. ఆ ఆరు మైళ్ళకి ఏడు గంటలు పట్టింది.

ఠాణా అంటే వెదురు కంచె, నడుం లోతు కందకం, లోపల నాలుగు పాకలు. నలభై మంది సిపాయిలు, వాళ్ళ మీద ఒక సుబేదారు. నలభై మందిలో పదకొండు మంది జ్వరంతో పడి ఉన్నారు. మన్యంలో సర్కారు మీద పితూరీ మొదలై అప్పటికి ఐదు నెలలు. పితూరీదార్ల తుపాకుల కంటె జ్వరమే ఎక్కువ మందిని పడగొట్టింది.

నేను అప్పుడు పటాలంలో నాయక్‌ని. నా చేతి కింద ఆరు ఎడ్లబళ్ళు, పన్నెండు ఎడ్లు, ఆరుగురు బండివాళ్ళు. బియ్యం, తూటాలు రాజమండ్రి బళ్ళవాళ్ళు వాగు దగ్గర దించి పోతారు. వాటిని పైకి తేవాలి. జబ్బుపడ్డ వాళ్ళని పై నుంచి వాగు దాకా దింపాలి. అవతలి ఒడ్డు నుంచి వేరే బళ్ళు వాళ్ళని రాజమండ్రి ఆస్పత్రికి తీసుకుపోతాయి. మూడు రోజులకో నాలుగు రోజులకో ఒకసారి ఇదే పని. వాగు దాకా చేరిన వాడు చాలామట్టుకు బతికేవాడు. పైన ఉండిపోయిన వాడు వారం తిరక్కుండా పోయేవాడు. బళ్ళు దిగడం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఊళ్ళో నన్ను తుపాకుల గురించి అడుగుతారు. ఎంతమందిని కాల్చానని అడుగుతారు. నేను బళ్ళ బ్రేకుల గురించి చెప్పబోతే లేచి వెళ్ళిపోతారు. అయినా చెప్పవలసింది అదే.

బళ్ళు సర్కారువి, కొత్తవి. ఎడ్లూ, తోలే మనుషులూ మా వైపు వాళ్ళు. కడియం పక్కన మా ఊరి నుంచీ, చుట్టుపక్కల నుంచీ నేనే పిలుచుకొచ్చాను. ఆ బళ్ళకి మా వాళ్ళు ఎన్నడూ చూడని వస్తువు ఒకటి ఉంది. చక్రాల వెనక అడ్డంగా ఒక దూలం, దాని రెండు చివర్లా రెండు చెక్కదిమ్మలు. బండి ముందు కూర్చుని తాడు లాగితే దూలం ముందుకు జరిగి, దిమ్మలు చక్రాల ఇనుప పట్టాలని నొక్కుతాయి. అదే బ్రేకు. మా డెల్టా బళ్ళకి అది లేదు, అక్కర్లేదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల పళ్ళెంలా ఉంటుంది. కాలవ గట్టు ఎక్కి దిగడమే మా బండివాళ్ళు ఎరిగిన కొండ.

బండివాళ్ళలో పెద్దవాడు సూరన్న. వరస కలవకపోయినా చిన్నప్పటి నుంచీ నేను అతన్ని బాబాయి అనేవాణ్ణి. అతను నలుగురిలో నన్ను నాయకు గారూ అని సాగదీసి పిలిచేవాడు. ఇద్దరమే ఉంటే అబ్బాయ్ అనేవాడు.

చేరిన మూడో రోజు ఉదయం ఏడు గంటలకి మొదటిసారి దిగాం. రాత్రంతా కురిసిన వాన వెలిసింది. మంచు ఇంకా లేవలేదు. బండికి ఇద్దరు రోగులు. బండికీ బండికీ మధ్య నూరు గజాలు. మొదటి వాలులో సూరన్న తాడు లాగాడు. బండి అరిచింది. పంది పీక కోస్తున్నట్టు అరిచింది. వెనక బండీ అందుకుంది. ఆరు బళ్ళూ ఒకదాని వెనక ఒకటి అరుస్తూ కొండ దిగాయి. ఎదటి కొండ నుంచి ఆ అరుపు తిరిగి మాకే వినపడింది. జ్వరంలో ఉన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు.

రెండో మలుపు దగ్గర కాపలా ఉన్న హవల్దారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమయ్యా నాయక్, పెళ్ళివారిని తీసుకెళ్తున్నావా? సన్నాయి మేళం బాగా కుదిరిందే!"

"మీరూ రండి హవల్దారు గారూ, డోలు మీరు వాయిద్దురు గాని" అన్నాడు సూరన్న.

ఆ నవ్వు వాగు దగ్గరే ఆగిపోయింది. తిరిగి ఎక్కుతూ ఉంటే వెదుళ్ళలోంచి మూడు తూటాలు వచ్చాయి. ఒకటి బియ్యం బస్తాలో దిగింది. మేము ఎప్పుడు దిగామో, ఎన్ని బళ్ళో, ఎంతసేపట్లో తిరిగి ఎక్కుతామో కొండ అవతల వాళ్ళకి కూడా తెలిసిపోయింది. మేమే చాటింపు వేసుకుంటూ దిగాం మరి.

సుబేదారు సాయంత్రం నన్ను పిలిచారు. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషి. ఎక్కువ మాట్లాడరు.

"ఆ చప్పుడు ఏంటి?"

"బ్రేకులండి."

"ఆపించు."

అంతే మాట. నేను వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. పటాలం వడ్రంగి ముసలివాడు, దక్షిణాది వాడు. కొండ బాటల్లో ఫిరంగి బళ్ళు నడిపించిన అనుభవం ఉంది. అప్పటికే ఒళ్ళు వెచ్చబడి, కంబళి కప్పుకుని కూర్చున్నాడు. అయినా లేచి వచ్చి ఒక దిమ్మని ఊడదీసి నా చేతికిచ్చాడు.

"తడిమి చూడు" అన్నాడు.

చక్రానికి ఆనే ముఖం నల్లగా, అద్దంలా నున్నగా ఉంది.

"నల్లమద్ది చెక్క. రాయిలాంటిది. దీన్ని ఎవడు పెట్టాడో వాడు కొండ చూసి ఉండడు. ఇనుము మీద రుద్దుకుని కాలి ఇలా గాజు కట్టింది. అందుకే అరుస్తోంది. ఆకురాయితో గీకితే రెండు రోజులు ఊరుకుంటుంది. మామిడి చెక్కలాంటి మెత్తని దిమ్మలు తెప్పించు. అవి తొందరగా అరుగుతాయి, కానీ అరవవు."

"పొద్దున్న మంచులో మరీ ఎక్కువగా ఉంది."

"తడికి అంతే. పట్టా తుడిచి దింపు. అది ప్రమాదం కాదు. కీచుమన్నంత సేపు అది చక్రాన్ని పట్టుకుంటోందనే లెక్క. ఎప్పుడైనా గరగరమని ఇనుమూ ఇనుమూ రాసుకున్నట్టు వినపడితే మాత్రం బండి ఆపెయ్. చెక్క అరిగిపోయి మేకులు తగులుతున్నాయన్న మాట." మళ్ళీ కంబళి కప్పుకుంటూ, "ఇంకో మాట. దీనికి నూనె తగలనివ్వకు. చుక్క కూడా వద్దు. నూనె తగిలితే అరవదు. పట్టుకోదు కూడా" అన్నాడు.

నేను అవన్నీ నా పుస్తకంలో రాసుకున్నాను. మిషను బడిలో చదువుకున్న వాణ్ణి. ఎవరేం చెప్పినా రాసుకోవడం అలవాటు. రాసుకున్నది బండివాళ్ళకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. దాచాలని కాదు. బ్రేకు నా పని, ఎడ్లు వాళ్ళ పని అనుకున్నాను.

నాలుగో రోజు రాజమండ్రి సామాన్ల కొట్టుకి ఉత్తరం రాశాను. ఆరు బళ్ళ చక్రాల దగ్గర విపరీతమైన చప్పుడు వస్తోందనీ, మెత్తని చెక్కదిమ్మలు పన్నెండు వెంటనే పంపించాలనీ. ఠాణాలో ఉన్నది ఒక్కటే ఆకురాయి. దానితో వడ్రంగీ నేనూ రెండు రోజులు దిమ్మలు గీకాం. ఏడో రోజు బళ్ళు కొంచెం మెల్లగా అరుస్తూ దిగాయి. ఆ దిగిన రోగుల్లో వడ్రంగి ఒకడు. వాగు అవతల బండి ఎక్కేముందు నన్ను చూసి, "దిమ్మలు" అన్నాడు. ఆ తరవాత అతన్ని నేను చూడలేదు.

పన్నెండో రోజుకి మళ్ళీ మొదటి లాగే అరిచాయి. మామిడి కాకపోతే ఏదో ఒక మెత్తని చెక్క మేమే కొట్టుకొచ్చుకుంటాం, ఆరుగురు సిపాయిలని ఇవ్వండని సుబేదారుని అడిగాను. కంచె దాటి ఆరుగురిని పంపేదానికి మనుషులెక్కడున్నారు అన్నారు. నిజమే. లేచి నిలబడగలిగిన వాళ్ళు ఇరవై ఇద్దరు. ఆ రోజు తిరుగు దారిలో ఒక ఎద్దుకి మెడలో తూటా తగిలింది. మర్నాడు చచ్చిపోయింది. దాని జోడు మేత ముట్టలేదు.

రాజమండ్రి నుంచి జవాబు పదిహేనో రోజు వచ్చింది. టపా మనుషులు ఇద్దరు కావడి మీద రెండు డబ్బాలు మోసుకొచ్చారు. డబ్బాల నిండా ఆముదం. వాటితో పాటు ఒక కాగితం. చక్రాల చప్పుడుకి తగినంత ఆముదం పంపడమైనది, ఇకపై బళ్ళకి క్రమంగా కందెన పెట్టించవలసినది, సర్కారు బళ్ళ విషయంలో ఇంత నిర్లక్ష్యం తగదు అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం రాసిన గుమాస్తా ఎవరో నాకు తెలియదు గాని, మా డెల్టావాడే అయి ఉంటాడు. మా వైపు పుట్టిన ఎవడైనా అదే చేస్తాడు. బండి కీచుమంటే ఇరుసు ఎండిపోయిందని అర్థం. ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీస్తారు. పుల్లకి గుడ్డ చుట్టి ఇరుసుకి రాస్తారు. చప్పుడు పోతుంది. చప్పుడు చేస్తూ ఊళ్ళోంచి పోయే బండివాణ్ణి ఆడవాళ్ళు కూడా ఎగతాళి చేస్తారు. ఉత్తరంలో నేను దిమ్మలు అని రాసిన మాట ఆ గుమాస్తా కంటికి ఆనలేదు. చప్పుడు అన్న మాట ఒక్కటే ఆనింది.

రెండో ఉత్తరం రాశాను. కలం కాగితంలో దిగబడేలా రాశాను. ఆముదం డబ్బాలు విసిరి పారేద్దామనుకున్నాను. కాని ఇరుసులకీ కావాలి, దీపాలకీ కావాలి. బండికో చెంబు చొప్పున కొలిచి ఇచ్చాను. ఇచ్చినప్పుడు కూడా నేను చెప్పవలసిన మాట చెప్పలేదు. నా మనసంతా ఆ గుమాస్తా మీద ఉంది.

పంతొమ్మిదో రోజు సాయంత్రం సుబేదారు మళ్ళీ పిలిచారు. మర్నాడు దింపవలసిన వాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళలో బిగిలు ఊదే సిపాయి ఒకడు, స్పృహలో లేడు.

"రేపు నీ బళ్ళు అరిస్తే, తిరుగు దారిలో నా సిపాయి ఒకడు చస్తాడు" అన్నారు. "నువ్వు కాగితాలు రాస్తున్నావని తెలుసు. నాకు కాగితాలు అక్కర్లేదు."

నేను ఎడ్ల పాక దగ్గరికి వెళ్ళాను. బండివాళ్ళు అన్నాలు వండుకుంటున్నారు. ఆ పూట నేను మాట్లాడిన తీరు ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"రేపు ఒక్క బండి కూడా చప్పుడు చెయ్యకూడదు" అన్నాను.

"ఎలాగండీ నాయకు గారూ?" అన్నాడు సూరన్న. "దాన్ని నోరు మూసుకోమంటే మూసుకుంటుందా?"

"ఎలాగో నాకు తెలీదు. ఏదో ఒకటి చెయ్యండి. మీరు బళ్ళు తోలేవాళ్ళు కాదూ? ఇన్ని రోజులై అందరి చేతా నేను మాటలు పడుతున్నాను."

నేను అలా కసిరింది అదే మొదటిసారి. నేను వచ్చేస్తుంటే సూరన్న నా వెనకే వచ్చాడు.

"అన్నం తిన్నావా అబ్బాయ్?" అన్నాడు.

"తింటాను బాబాయ్."

"తిను ముందు. బండి సంగతి నేను చూస్తాలే. నీకు మాట రానివ్వను."

ఇరవయ్యో రోజు. ఉదయం ఆరున్నర. మంచు దట్టంగా ఉంది, వాన లేదు. నేను రోగుల పేర్లు పిలిచి బళ్ళు ఎక్కిస్తున్నాను. సూరన్న తన చక్రం పక్కన గొంతుక్కూర్చుని కందెన పుల్లతో ఏదో రాస్తున్నాడు. రోజూ చేసే పనే. పుల్ల ఎక్కడ ఆనుతోందో నేను చూడలేదు.

"ఇవాళ నా బండి పిల్లిలా దిగుద్ది చూడండి నాయకు గారూ" అన్నాడు. పక్క బండివాడితో, "ముందు నా బండికి చూద్దారి. బాగుంటే రేపట్నించి మీ అందరికీనీ" అన్నాడు.

నేను విన్నాను. వింటూనే కాగితం మీద బిగిలు సిపాయి పేరుకి ఎదురుగా గీత పెట్టాను. అతన్నీ, కాలు వాచిన ఇంకొక సిపాయినీ సూరన్న బండిలో ఎక్కించాను. ఎక్కువ జబ్బుగా ఉన్నవాళ్ళని అతని బండిలోనే పడుకోబెట్టేవాణ్ణి. అతను కుదుపు లేకుండా తోలతాడు.

నేను ముందుగా నడిచి రెండో మలుపు దగ్గర నిలబడ్డాను. కొండ వైపు రాతి గట్టు, ఇటు లోయ. చేతిలో ఎర్రగుడ్డ. బళ్ళకి ఆగమనీ పొమ్మనీ చెప్పడానికి. మంచులో ఇరవై గజాల అవతల ఏమీ కనపడదు. చప్పుడుని బట్టే బండి ఎక్కడుందో తెలిసేది. మొదటి బండి అరుస్తూ వచ్చింది, వెళ్ళింది. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. సూరన్నది నాలుగోది.

ఏమీ వినపడలేదు. ఆగిపోయిందనుకున్నాను. మళ్ళీ ఏం ముంచుకొచ్చిందో అని విసుక్కున్నాను. కాపలా హవల్దారు, "ఏంటి, మీ సన్నాయి వాడు నిద్రపోయాడా?" అన్నాడు.

అప్పుడు డెక్కల చప్పుడు వినపడింది. ఎడ్లు పరుగెత్తుతున్నాయి. ఎడ్లు బండిని లాగడం లేదు, బరువుకి బండే ఎడ్లని తోసుకొస్తోంది. మంచులోంచి బయటపడేసరికి నాకు పది గజాల దూరంలో ఉంది. సూరన్న తాడుని రెండు చేతులకీ చుట్టుకుని, కాళ్ళు నొగకి తన్నిపెట్టి, వెనక్కి వాలిపోయి ఉన్నాడు.

"దూకెయ్ బాబాయ్!" అని అరిచాను.

దూకవచ్చు. చోటుంది. అతని వెనక ఇద్దరు పడుకుని ఉన్నారు. నన్ను దాటగానే తాడు చుట్టిన చేత్తోనే ఎడమ ఎద్దు పగ్గం గుంజి బండిని గట్టు మీదకి తిప్పాడు. చక్రం రాతికి కొట్టుకుంది. బండి తిరగబడింది. రోగులిద్దరూ గట్టు మీద పొదలో పడ్డారు. బిగిలు సిపాయికి చెయ్యి విరిగింది. ఇద్దరూ బతికారు. ఇద్దరికీ ఇప్పుడు పిల్లలున్నారని విన్నాను. సూరన్న బండి కింద ఉన్నాడు. హవల్దారూ, నేనూ, మిగతా బండివాళ్ళూ కలిసి ఎత్తడానికి పావుగంట పట్టింది. అప్పటికే ప్రాణం పోయింది. తాడు చేతుల నుంచి విప్పడం కుదరక కోశాం.

నేను దిమ్మ ముఖం మీద వేలు పెట్టి చూశాను. ఆముదం.

పదిరోజులకి విచారణకి ఒక దొర వచ్చాడు. పక్కన రాసుకునే గుమాస్తా.

"బ్రేకుకి నూనె రాయమని నువ్వు హుకుం ఇచ్చావా?"

"లేదండి. చప్పుడు ఆపమన్నాను."

"నూనె రాయకూడదని నీకు తెలుసా?"

"తెలుసండి."

"అతనికి తెలుసా?"

"తెలియదండి. నేను చెప్పలేదు."

గుమాస్తా రాశాడు. చివర చదివి వినిపించాడు. బండివాడి అజాగ్రత్త వల్ల అని ఉంది. అది నిజం కాదన్నాను. నూనె అతనే కదా రాసింది, అన్నాడు గుమాస్తా. నేను చెప్పింది కూడా రాయమన్నాను. అది అడిగిన దానికి సంబంధం లేదన్నాడు. దొర అప్పటికే టోపీ పెట్టుకుంటున్నాడు. నేను వేరే కాగితం మీద ఉన్నదంతా రాసి పంపించాను. దానికి జవాబు ఇంతవరకూ రాలేదు. మామిడి దిమ్మలు మాత్రం ఆ మరుసటి నెలలో వచ్చాయి, ఇరవై నాలుగు. వాటితో పాటు ఇంకో రెండు డబ్బాల ఆముదం కూడా పంపించారు. కొత్త దిమ్మలు బిగించే ముందు బండివాళ్ళందరినీ కూర్చోబెట్టి, దిమ్మ చేతికిచ్చి, వడ్రంగి మాటలన్నీ చెప్పాను. పావుగంట కూడా పట్టలేదు.

చలికాలం చివర మా పటాలాన్ని దింపేశారు. కోరుకొండ దాటి చదును నేల మీదకి వచ్చేసరికి ఎడ్లు వాటంతట అవే అడుగు పెంచాయి. రాజమండ్రిలో సెలవు చీటీ తీసుకుని, మర్నాడు పదిగంటలకి మా ఊరు చేరాను. మా ఇంటికి పోకుండా సూరన్న ఇంటికి వెళ్ళాను. అతని భార్య దొడ్లో పొట్టు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి మంచినీళ్ళిచ్చింది.

"మీ బాబాయి అజాగ్రత్తగా తోలాడంటగా? మునసబు గారు కాగితం చదివి చెప్పారు."

"లేదు పిన్నీ. తప్పు నాది."

"నువ్వు తోలావేంటి?"

చెప్పాను. బ్రేకు అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. నేల మీద పుల్లతో గీసి చూపించాను. చెక్క, ఇనుము, నూనె.

"కందెన పెడితే తప్పేంటి అబ్బాయ్? ఆయన పొద్దున్న లేస్తే చేసే పనే అది."

ఇరుసుకి పెట్టాలి, దీనికి పెట్టకూడదని మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఆవిడ ఆ గీతల వంక చూస్తూ విన్నది. ఈసారి అర్థమయింది.

"ఇంతేనా?" అంది. "ఈ ముక్క ఆయనకి చెప్పుంటే సరిపోయేది కదా."

చేట తీసుకుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నేను నీళ్ళ చెంబు అక్కడ పెట్టి వచ్చేశాను.

విచారణలో నేను ఒక్క సంగతి చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆవిడకీ చెప్పలేకపోయాను. బండి మంచులోంచి బయటపడేటప్పుడు సూరన్న ముందుకి చూడటం లేదు. మెడ తిప్పి చక్రం వంక చూస్తున్నాడు. దిమ్మ చక్రాన్ని నొక్కుకునే ఉంది. తాడు బిగిసే ఉంది. చెయ్యవలసిందంతా సరిగ్గానే చేస్తున్నాడు. ముఖంలో భయం లేదు. లెక్క కుదరని మనిషి ముఖం. నేను కనపడగానే నా వైపు తిరిగాడు. అతను అడగబోయేది ఏంటో నాకు తెలుసు. దాని జవాబు పదిహేడు రోజులుగా నా చొక్కా జేబులో పుస్తకంలో రాసి ఉంది. అతను నోరు తెరిచాడు. బండి నన్ను దాటిపోయింది.